జాంబీ: మహద్వాచకమా? అమహద్వాచకమా?

మరణించిన మనుష్యునిగూర్చి మాటలాడునపుడు తెలుఁగువాని నోట సర్వనామము మాఱును. నిన్నటివఱకు 'వాఁడు వచ్చినాఁడు, వాఁడు భుజించినాఁడు' అని వ్యవహరింపఁబడినవాఁడు ఊపిరి నిలిచిన మఱుక్షణమున శవ మగును. శవమునకు 'అది పడియున్నది' యనుటయే కాని 'వాఁడు పడియున్నాఁడు' అనుట లేదు. శరీర మదియే, ముఖ మదియే, గడియ క్రితము పిలిచిన పేరును అదియే. మాఱినది వ్యాకరణ మొక్కటియే. స్త్రీలకును, తిర్యక్కులకును, జడములకును వేఱైనవి మహత్తు లనియు, తక్కినవి యమహత్తు లనియు, స్త్రీవాచకములు బహువచనమున మహత్తులతోఁ గలియు ననియు చిన్నయసూరి బాలవ్యాకరణముఁ జదివిన బాలుర కెల్లఁ దెలియును. శవము జడము, కావున నమహత్తు. ఇందు వివాదము లేదు. అయితే యా శవము లేచి నడచినచో నేమి యగును? నడచుటతో నాఁగక తలుపు తట్టి, తల్లిని గుర్తించి, ఆఁకలి యగుచున్న దని చెప్పినచో? అపుడు తెలుఁగువాఁడు 'వచ్చినది' యనవలెనా, 'వచ్చినాఁడు' అనవలెనా?

ఇది వేసవి మధ్యాహ్నమునఁ గాలక్షేపమునకై వేసికొను ప్రశ్న కాదు. 2010 మొదలుగా అమెరికా, ఫ్రాన్సు, ఇంగ్లండు, దక్షిణకొరియా దేశముల టెలివిజనునఁ బుట్టిన ప్రసిద్ధకథలు కొన్ని యీ ప్రశ్నమీఁదనే నిలిచియున్నవి. వానియందు శవము లేచుట విశేషము కాదు. లేచినదానిని మనుష్యులలోఁ జేర్చుకొందురా, లేదా యనునదియే కథ. ఇట్లు లేచిన శవమునకు వారు పెట్టిన పేరు జాంబీ.

ఆఫ్రికాఖండమందలి కాంగో ప్రాంతపు భాషలలో దేవతను దెలుపు 'న్‌జాంబి', మంత్రించిన రక్షను దెలుపు 'జుంబి' యను పదములనుండి యీ మాట పుట్టె నని నిఘంటుకర్తలు సాధారణముగాఁ జెప్పుదురు. తెలుఁగున సంస్కృతసమమైన పదమునకువలె దీనికిఁ దుదిదీర్ఘము హ్రస్వమై 'జాంబి' యనవలసినది. కాని లోకము దీర్ఘమునే నిలిపినది. 2021లో ప్రశాంత్ వర్మ దర్శకత్వమున కర్నూలు ప్రాంతపు కథగా వెలువడిన 'జాంబీ రెడ్డి' చలనచిత్రముతో నీ పదము మన పిల్లల నోటను బడినది. ఆ పేరునఁ బూర్వపదము సందిగ్ధము, ఉత్తరపదము నిస్సంశయముగా మహత్తు. దీనికి విగ్రహవాక్యము చెప్పుమన్నచో వ్యాకరణపండితుఁడును గొంత తడవు తల గోఁకికొనవలసినదే.

మన వాఙ్మయమున దీనికిఁ బర్యాయము వెదకువారు ముందుగా బేతాళునిఁ జేపట్టుదురు. అది పొరపాటు. కథాసరిత్సాగరమందలి బేతాళుఁడు శవమునఁ బ్రవేశించి పలుకును. శవ మాతనికి వాహనమాత్రము. పలుకువాఁడు వేఱు, దేహము వేఱు. చందమామలో బేతాళకథలు చదివి పెరిగినవారికి నీ భేదము సుపరిచితమే: రాజు భుజముమీఁదిది శవము, ప్రశ్న లడుగువాఁడు బేతాళుఁడు. ఆ శవము తల్లిదండ్రు లెవరో యెవరును విచారింపరు. ప్రేత మింకను దూరము. 'ప్ర' యను నుపసర్గము ముందుండఁగా ఇణ్ ధాతువునకుఁ గర్త్రర్థమున క్తప్రత్యయము చేరి 'ప్రేత' యగును. వెడలిపోయినవాఁ డని యర్థము. ప్రేతమునకు దేహము లేదు. పేరును, గోత్రమును, ఆఁకలియుఁ గలవు. జాంబీ దీనికిఁ దలక్రిందు: దేహ మున్నది, ఆఁకలి యున్నది, పేరు లేదు. 'జీవచ్ఛవము' దగ్గఱి మాటగాఁ దోఁచును గాని, యది బ్రతికియుండియుఁ జచ్చినట్లున్న మనుష్యునిపట్ల వాడుక. 'ఆతఁడు జీవచ్ఛవమై యున్నాఁడు' అనుచోటఁ గ్రియ మహత్తునే యనుసరించుచున్నది కదా.

పర్యాయము దొరకకుండుటకుఁ గారణము జాంబీ పుట్టిన చోటు. అది కరీబియను సముద్రమందలి హైతీదేశము. ఫ్రెంచివారి యేలుబడిలో నా భూమి చెఱకుతోఁటలకుఁ బేరుపడినది. తోఁటపనికై యాఫ్రికానుండి బానిసలను ఓడలఁ దెచ్చుచుండిరి. వారు 1791లోఁ దిరుగఁబడిరి. 1804లో స్వతంత్రదేశ మేర్పడినది. బానిసకుఁ జావే విడుదల; చచ్చినవాని యాత్మ మరల నాఫ్రికాకుఁ బోవునని వారి విశ్వాసము. అట్టివారి మనస్సునఁ బుట్టఁదగిన పరమభయ మేది? చచ్చిన పిమ్మటఁ గూడ దొర విడువక, గోతినుండి లేపి, మరలఁ దోఁటకుఁ దోలుటయే. హైతీయుల జాంబీ యిట్టిది. అది యెవరిని గఱవదు, తినదు, తఱుమదు. తల వంచుకొని పనిచేయును. హైతీయుఁడు జాంబీని జూచి భయపడుటకంటె జాంబీ యగుదునేమో యని భయపడుట యధికము.

అమెరికా సైన్యము 1915 మొదలు 1934 వఱకు హైతీ నాక్రమించియుండెను. ఆ కాలముననే విలియం సీబ్రూక్ అను నమెరికాదేశీయుఁడు 'ది మేజిక్ ఐలండ్' అను గ్రంథమును 1929లోఁ బ్రకటించి యీ మాటను ఆంగ్లపాఠకలోకమున వ్యాపింపఁజేసెను. అందొక కథ కలదు. ఒక మేస్త్రి చచ్చినవారిని గొందఱను జక్కెరసంఘమువారి తోఁటలోఁ గూలికిఁ బెట్టి, వారి కూలిని దాను బుచ్చుకొనుచుండెను. వారి కుప్పు పెట్టరా దని నియమము. ఒకనాఁడు మేస్త్రి భార్య జాలిపడి వారికి మిఠాయి కొని పెట్టెను. అందలి గింజలకు ఉప్పు పట్టియుండెను. ఉప్పు నాలుకకుఁ దగులఁగానే తాము చచ్చినవార మని వారికి జ్ఞాపకము వచ్చెను. అంతటఁ దమ యూరి దారిఁ బట్టి పోయి, బంధువులు పేరు పెట్టి పిలుచుచున్నను వినక, తమ గోతులయొద్దఁ గూలి శవములైరి. మన దేశమున ఉప్పు తినుట విశ్వాసమునకు గుర్తు; ఒకని యుప్పు తిన్నవాఁడు వానికి ద్రోహము చేయరాదు. హైతీకథయం దుప్పు తిన్నవాఁడు దొరను విడిచిపోవును. అచటి యుప్పు స్మృతికి బీజము, స్మృతి విడుదలకు బీజము.

జోరా నీల్ హర్‌స్టన్ అను రచయిత్రి హైతీకిఁ బోయి, జాంబీ యని చెప్పఁబడిన యొక స్త్రీని ఆసుపత్రిలోఁ జూచి, ఛాయాచిత్రము దీసి 1938లో 'టెల్ మై హార్స్' అను గ్రంథమునఁ బ్రకటించినది. ఆ వర్ణనముఁ జదివినచో భయపడుచున్నది చూడఁబోయినవారు కా రనియు, ఆ స్త్రీయే యనియుఁ దెలియును. మనుష్యులు దగ్గఱకుఁ జేరఁగా నామె ముఖమును గుడ్డతోఁ గప్పుకొన్నది.

ఈ పూర్వవృత్తాంతముఁ దెలియనివారు ఇటీవలి టెలివిజను రచనలఁ జూచి, జాంబీని మనుష్యునిగాఁ జేయుట క్రొత్త సాహస మని భ్రమించుచున్నారు. ఆదియందు జాంబీ మనుష్యుఁడే. నడుమ వచ్చిన చలనచిత్రములు వానిని మృగమును జేసినవి. 1932 నాఁటి 'వైట్ జాంబీ' యందు ఇంకను హైతీయే రంగము, చక్కెరమిల్లే పని. యంత్రముఁ ద్రిప్పుచున్న శవములలో నొకటి జాఱి యందుఁ బడినను దక్కినవి యాఁగక త్రిప్పుచునే యుండును. 1968లో జార్జి రొమీరో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' తీసి దొరను దొలఁగించెను. అందు శవము లెవరి యాజ్ఞయు లేకయే లేచి మనుష్యమాంసముఁ దినును. జాంబీ యను పేరా చిత్రమున నెచటను వినఁబడదు. తరువాత లోకము తగిలించినది. వ్యాకరణపరిభాషలోఁ జెప్పవలె నన్నచో హైతీజాంబీకిఁ బ్రయోజకకర్త యొకఁడు కలఁడు. రొమీరో యాతనిని లోపింపఁజేసెను. దొర పోఁగా బానిస యనుటకు వీలు లేదు, మంద మిగిలినది.

అయినను రొమీరో మనుష్యుని మఱచినవాఁడు కాఁడు. ఆ చిత్రమందలి నాయకుఁడు నల్లజాతివాఁడు. రాత్రి యెల్లఁ బోరాడి బ్రతికి, తెల్లవాఱినపుడు కిటికీయొద్దకు వచ్చును. శవముల వేటకు వచ్చిన తుపాకివారు దూరమునుండి చూచి యాతనిని గూడ శవ మనుకొని కాల్చి, శవములతోఁ గలిపి తగులఁబెట్టుదురు. 'వాఁడు' అనవలసినచోట 'అది' యనుటచేఁ గలిగిన ప్రాణహాని యిది. 1985 నాఁటి 'డే ఆఫ్ ది డెడ్' అను చిత్రమున నీ దర్శకుఁడే యొక శవమునకు 'బబ్' అను పేరు పెట్టించి, గొలుసులు వేయించి, వైద్యునిచేఁ బాఠము చెప్పించెను. జీవించియుండఁగా సైనికుఁడైన బబ్ సేనాధికారిని గాంచి చేయి యెత్తి వందనము సేయును. పేరును, స్మృతియు, అభివాదనమును గలదానిని జడమని త్రోయుట యంత సులభము కాదు.

చలనచిత్రము రెండుగంటలలో ముగియును. ఆ స్వల్పకాలమున మందను జూపవచ్చును గాని యొక్కొక్కని నెఱుఁగుట కష్టము. టెలివిజను కథ యిల్లు వెదకికొని వచ్చి యేండ్లతరబడి సాగును. 'ది వాకింగ్ డెడ్' 2010 అక్టోబరున మొదలై 2022 నవంబరున ముగిసెను. అది 11 భాగములు, 177 ప్రకరణముల కథ. అంతకాలము శవముల తలలు పగులఁగొట్టుటయే చూపినచోఁ జూచువాఁడు విసుగును. విసిగినవాఁడు వీరెవ రని యాలోచించును. ఆ కథ రెండవభాగమున హెర్షెల్ అను వృద్ధపశువైద్యుఁడు చచ్చి లేచిన తన భార్యను, ఆమె కొడుకును, ఇరుగుపొరుగువారిని గొట్టమున మూసి యాహారము పెట్టుచుండును. వారు రోగు లనియు, ఏనాఁటికైన మందు దొరకు ననియు నాతని నమ్మకము. తక్కినవారికి వారు వట్టి 'నడచునవి'. ఆంగ్లమున 'దే' యను సర్వనామము మనుష్యులకును, గొడ్లకును, ఱాళ్లకును నొక్కటే. కావున హెర్షెలును, అతని విరోధులును ఒకే మాట పలుకుచు రెండర్థముల నుద్దేశింపఁగలరు. తెలుఁగున నా చాటు లేదు. 'కొట్టములోని వారు' అన్నవాఁడు హెర్షెలు పక్షము. 'కొట్టములోనివి' యన్నవాఁడు తుపాకి పక్షము. అనువాదకుఁడు నోరు తెఱచిన తోడనే పక్షము వహింపవలసివచ్చును.

2011 నవంబరునఁ బ్రసారమైన ప్రకరణమునఁ గొట్టము తలుపు తెఱచి, వెలికి వచ్చినవానిని వచ్చినట్లు కాల్చివేయుదురు. కడపట వచ్చినది సోఫియా యను బాలిక. ఎన్నాళ్లనుండియో వారే యడవులలో వెదకుచుండిన తమ బిడ్డ. అంతవఱకు నదురు లేక పేలిన తుపాకులు ఒక్కమాఱుగా నిలిచిపోవును. హెర్షెలు మందును గూర్చి పొరపడె ననుట నిజమే, ఆ కథలో మందు దొరకలేదు. కాని తుపాకివారును దాము కాల్చినవి కేవలము 'అవి' యని నమ్మినవారు కా రని యా నిశ్శబ్దమే సాక్ష్యము. ఇచట మన వ్యాకరణము సంజాయిషీ చెప్పుకొనవలసిన తా వొకటి కలదు. సోఫియా బాలిక యగుటచే బ్రతికియున్నపుడును ఏకవచనమున నమహత్తులతోనే నడచును. చచ్చినవారిని మనుష్యులలోఁ జేర్చుటకు జంకు పాశ్చాత్యులఁ దప్పుపట్టుటకు ముందు ఈ సంగతి స్మరింపఁదగినది.

కొరియాదేశపు 'కింగ్‌డమ్' 2019లోను, 2020లోను రెండు భాగములుగా నెట్‌ఫ్లిక్సున వెలువడినది. జోసన్ వంశపు రాజుల కాలము, యుద్ధముచే నలిగిన నేల, కఱవు. మరణించిన రాజును మంత్రి యొక మూలికచే లేపించి, రాణికి బిడ్డ పుట్టువఱకు సింహాసనము చేజాఱకుండ దాఁచియుంచును. కిరీటధారియే మంత్రికి బానిస యైనాఁడు; హైతీదొర యిచట మంత్రివేషమునఁ దిరిగి వచ్చినాఁడు. ఆ రోగము ప్రజలకు వ్యాపించిన తీరు మిక్కిలి దారుణము. రాజుచేఁ గఱవఁబడి చచ్చిన పరిచారకుని మాంసమును లేడిమాంస మనుకొని యాఁకలిగొన్న పేదరోగులు చాఱు కాఁచుకొని త్రాగుదురు. వారు చచ్చి లేచి మాంసమునకై పరుగెత్తునపుడు, వారి బ్రతుకునందలి యాఁకలికిని జావునందలి యాఁకలికిని గీఁత యెచట గీయవలెనో చూచువానికిఁ దోఁచదు.

ఫ్రాన్సున 2012లోను 2015లోను ప్రసారమైన 'లే రెవ్నాఁ' యనునది మఱియొక త్రోవఁ దొక్కినది. దానిని నడపినవాఁడు ఫాబ్రీస్ గోబేర్. మూలము 2004లో రోబాఁ కంపీయో తీసిన చలనచిత్రము. పేరే విచారింపఁదగినది. 'రెవ్నీర్' అనఁగా మరల వచ్చుట. 'రెవ్నాఁ' దాని వర్తమానార్థక విశేషణము, మన శతృప్రత్యయాంతమువంటిది. మన 'ప్రేత' భూతార్థకము: వెడలిపోయినాఁడు, పని ముగిసినది. వారి 'రెవ్నాఁ' వచ్చుచున్నాఁడు, పని ముగియలేదు. కొండనడుమ నొక యూరు, ప్రక్కనే యానకట్ట. బస్సు లోయలోఁ బడి చచ్చిన కామీల్ అను బాలిక నాలుగేండ్ల తరువాత నేమియుఁ దెలియక నడచి యిల్లు చేరి, ఆఁకలి యని వంటయింటఁ దినుచుండును. తల్లి చూచును. చచ్చి వచ్చినదాని దేహమునఁ గుళ్లు లేదు, నోట నెత్తురు లేదు. ఆమె కవలతోఁబుట్టువు లేనా మాత్రము నాలుగేండ్లు పెరిగి యువతి యైనది. యాస్కుఁడు వార్ష్యాయణి మతముగాఁ జెప్పిన భావవికారము లాఱు: పుట్టుట, ఉండుట, మాఱుట, పెరుఁగుట, తఱుఁగుట, నశించుట. చలనచిత్రముల జాంబీ అయిదవదానఁ జిక్కుకొన్నది, తఱుఁగునే కాని నశింపదు. కామీల్ రెండవదాన నిలిచిపోయినది. ఇరువురు తోఁబుట్టువు లొకరి నొకరు చూచుకొనినపుడు భయపడుట కెవరికి హక్కు ఎక్కువయో చెప్పుట కష్టము. దుఃఖముచేఁ గాలము మార్చివేసినది బ్రతికినదానినే కదా.

ఈ మార్గము సాగినకొలఁది కొందఱు విమర్శకు లొక యాక్షేపముఁ జేసిరి: మాటలాడి, నవ్వి, యుద్యోగము చేయు జాంబీ యిఁక జాంబీ యెట్లగును? అది వట్టి రోగి కదా యని. ఈ యాక్షేపమునఁ గొంత సార మున్నది. 2015 మొదలు 2019 వఱకు నడచిన 'ఐజాంబీ' యందు లివ్ అను యువతి మృతపరీక్షాలయమున నుద్యోగము చేయుచు, హతుల మెదళ్లు దిని, వారి స్మృతులను స్వభావములను బొంది హంతకులఁ బట్టించును. వినోదము మెండు. కాని యామె పొందు స్మృతి పరునిది. ఉప్పు తిన్న హైతీయుఁడు పొందినది తనది. భేద మల్పము కాదు. 2017 మొదలు 2019 వఱకు వచ్చిన 'శాంతా క్లారిటా డైట్' అను హాస్యకథలో నిల్లాలు జాంబీ యైనను గృహస్థాశ్రమమునకు లోటు రాదు. అచట జాంబీ మనుష్యుఁడైనాఁడు గాని, మనుష్యుఁ డగుటచే నేమియుఁ బోఁగొట్టుకొనలేదు. అంత చౌకగా దొరకిన మానుషత్వమున బరువుండదు.

ఆ బరువును సంపూర్ణముగా మోసిన రచన బి.బి.సి. త్రీ యందు 2013లో మూఁడు ప్రకరణములుగాను, 2014లో నాఱు ప్రకరణములుగాను వెలువడిన 'ఇన్ ది ఫ్లెష్'. రచయిత డొమినిక్ మిచెల్. 2014లో దీనికి బ్రిటిషు అకాడమీవారి బహుమానము లభించినది. అయినను మూఁడవభాగము రాలేదు. ఉత్తరఇంగ్లండునందలి రోర్టన్ అను కల్పితగ్రామము దీనికి రంగము. చచ్చినవారు లేచిరి, గ్రామస్థులు దండు గట్టి పోరాడిరి, ప్రభుత్వము మందు కనిపెట్టినది. కథ మొదలగుసరికి యుద్ధము ముగిసియేయున్నది. దినదినము మందు పుచ్చుకొన్నచో మృతునికి వాక్కును స్మృతియు మరల వచ్చును. వైద్యులు దీనికిఁ బెట్టిన పేరు తెలుఁగున 'అర్ధమృతరోగ' మగును. పాలిపోయిన చర్మము మాత్రము మాఱదు, కన్నుల వింతరంగు పోదు. అందుచే ముఖమునకుఁ బూసికొన లేపనమును, కన్నులకుఁ దొడుగఁ గటకములును సర్కారువారే యిచ్చి యిండ్లకుఁ బంపుదురు.

కీరెన్ వాకర్ అట్లింటికి వచ్చినవాఁడు. ప్రియమిత్రుఁడు రిక్ మేసీ సైన్యమునఁ జేరి ఆఫ్‌గనిస్తానమునఁ జచ్చె నని విని, దుఃఖము పట్టలేక యాత్మహత్యఁ జేసికొన్న బాలుఁడు. అన్న మాతనికి సహింపదు. అయినను దల్లిదండ్రుల తృప్తికై బల్లయొద్దఁ గూర్చుండి తినునట్లు నటించును. ఈ మందు హైతీయుప్పునకు వారసు రాలు. నాలుకకుఁ దగులఁగానే జ్ఞాపకము వచ్చును. హైతీయునికి వచ్చిన జ్ఞాపకము తాను చచ్చితి నని; కీరెనునకు వచ్చిన జ్ఞాపకము తాను చంపితి నని. ఒక యంగడిలో నొక బాలికను జంపి తలపగులఁగొట్టి తిన్న దృశ్యము నిలిచి నిలిచి కన్నులకుఁ గట్టును. ఆ సమయమున నాతని చెల్లెలు జెమ్, దండులోని పిల్ల, తుపాకి చేతఁ బట్టుకొని యెదుటనే యున్నది. అన్న ముఖముఁ జూచి కాల్పలేకపోయినది. 'అది' యని కాల్చుటకు వెళ్లినది, 'అన్న' యని నిలిచిపోయినది. ఆమె స్నేహితురాలి ప్రాణము ఆ రెండు మాటల నడుమఁ బోయినది.

చికిత్సాలయమున రోగులచే నొక వాక్యమును బదేపదే చెప్పింతురు. తా నర్ధమృతరోగి ననియు, చికిత్సకు ముందు తాను చేసినది తన దోషము కా దనియు దాని భావము. వ్యాకరణపండితునికి నీ వాక్యము విందువంటిది. స్వాతంత్ర్యము గలవాఁడే కర్త యని పాణిని మతము. ఈ వాక్యమునఁ 'జేసినది' యనుటచేఁ గర్తృత్వ మొప్పుకొనఁబడినది. 'దోషము కాదు' అనుటచే స్వాతంత్ర్యము నిరాకరింపఁబడినది. స్వాతంత్ర్యము లేని కర్త యుండునా? హైతీయందైనచోఁ 'జేయించినవాఁడు దొర' యని చెప్పి తప్పుకొనవచ్చును. ఇచట దొర లేఁడు, రోగము మాత్ర మున్నది. కీరెను ఆ వాక్యమును నోటితోఁ జెప్పును, మనస్సుతోఁ జెప్పలేఁడు. మందు వాని కిచ్చిన మానుషత్వ మిదియే: పశ్చాత్తాపము. మృగమునకుఁ బశ్చాత్తాపము లేదు గావున, దోషి నని తలఁచు క్షణముననే యాతఁడు మహత్తులలోనికి వచ్చుచున్నాఁడు. రచయిత యీ యుక్తి నెచటను వాచ్యము చేయఁడు.

రిక్కును లేచి యింటికి వచ్చును. తండ్రి బిల్ మేసీ గ్రామదండునకు నాయకుఁడు. మొదటి ప్రకరణముననే ఆతఁడు కెన్ బర్టన్ అను వృద్ధుని యెదుటనే, లేచి వచ్చిన యాతని భార్యను వీథిలోనికి లాగి కాల్చినవాఁడు. అట్టివాఁడు తన కొడుకును మాత్రము చచ్చినవాఁ డని యొప్పుకొనఁడు. పూర్వమువలెనే సారాయంగడికిఁ దోడ్కొని పోవును. కీరెనును జంపు మని కొడుకు నాజ్ఞాపించును. రిక్కు చంపలేక, లేపనము కడిగికొని, కటకములు దీసి, పాలిపోయిన స్వముఖముతోఁ దండ్రియెదుట నిలుచును. తండ్రి చంపివేయును. వీఁడు తన కొడుకు కాఁడనియు, నిజమైన కొడుకు మరల వచ్చు ననియు నాతని మతి చెప్పినది. పిమ్మటఁ గెన్ వచ్చి బిల్లును గాల్చును. ఒక గ్రామమున మూఁడు చావులు. మూఁటికిని గారణము సర్వనామవివాదమే యన్న నతిశయోక్తి కాదు.

రెండవభాగమున మాక్సీన్ మార్టిన్ అను శాసనసభ్యురాలు గ్రామమునకు వచ్చును. ప్రభుత్వ మొక క్రొత్తపద్ధతి పెట్టును: చికిత్సపొందిన మృతులు నారింజరంగు చొక్కాలు తొడిగి, కొన్ని నెలలు కూలి లేక యూరిపని చేసి, పోయిన పౌరత్వమును మరల సంపాదించుకొనవలెను. ఇచట నవధానముగల పాఠకుఁడు ఉలికిపడును. చచ్చి లేచినవాఁడు, కూలి లేని పని, పైన మేస్త్రి. నూఱేండ్ల క్రిందటి చెఱకుతోఁట యింగ్లండు గ్రామమున మరల వెలసినది. జాంబీ మనుష్యుఁడని యొప్పుకొన్న మఱునాఁడే వానిని బానిసను జేయుట మొదలు పెట్టిరి. ఈ భాగమునఁ గథ కొంత చెదరిపోయినది. ప్రవక్తలు, విప్లవసంఘములు, రహస్యసంకేతములు మితి మీఱినవి. మూఁడు ప్రకరణముల మొదటిభాగమే గుణమున మేలు.

ఆ గ్రామస్థులు మృతులకుఁ బెట్టిన తిట్టుపేరు 'రాటర్'. 'కుళ్లినవాఁడు' అని దానిని దెలిఁగింపవచ్చును. 'కుళ్లినది' యనుటకుఁ దగిన మాట యాంగ్లమున దొరకకపోలేదు. కాని తిట్టుట కెదుట వినువాఁ డొకఁడు కావలెను. ఱాతిని గొట్టుదుము గాని తిట్టము. తిట్టుచునే వారు మృతునికిఁ జెవు లున్నవని యొప్పుకొన్నారు. ఈ సంగతి తెలుఁగువ్యాకరణమున మఱియు స్పష్టము. మహదమహద్భేద మంతయుఁ బ్రథమపురుషయందే: వాఁడు, అది, వారు, అవి. మధ్యమపురుషయందు నీ భేదము లేనే లేదు. 'నీవు వచ్చితివి' యని మనుష్యునితో ననవచ్చును, గోవుతో ననవచ్చును, చెట్టుతో ననవచ్చును, చచ్చినవానితోను ననవచ్చును. హెర్షెలు కొట్టమును గూర్చి వాదించినవారందఱు ఒండొరులతో వాదించిరి గాని లోపలివారితో నెవరు నొక్కమాట పలుకలేదు; పలికినను లోపలివారికి వినుశక్తి లేదు. రోర్టనున వినుశక్తి వచ్చినది. మొదటిభాగపుఁ దుదిప్రకరణమున, రిక్కు రెండవమాఱు చచ్చిన పిదపఁ గీరెను ఊరివెలుపలి గుహకుఁ బోవును. పూర్వము తాను బ్రాణము దీసికొన్నది యచటనే. తల్లి వెదకికొని వచ్చి, ప్రక్కనఁ గూర్చుండి, ఈసారి బ్రతుకు మని కొడుకును వేఁడికొనును.